శత్రువు మాటకు అర్థం: పైశాచి నుండి కిలికి వరకు

అమరావతి శాసనాలు ప్రధానంగా ప్రాకృతంలో ఉన్నాయి. వాటి నడుమ కనిపించిన ‘నాగబు’ అనే పదాన్ని వేటూరి ప్రభాకరశాస్త్రి తెలుగు పదంగా గుర్తించారు. ‘నాగ’ శబ్దం సంస్కృత ప్రాకృతాలలోనూ ఉన్నదే. దాన్ని తెలుగుగా గుర్తించడానికి ఆధారం చివరి ‘బు’. తరువాతి కాలపు ‘ంబు’, ‘ము’ ప్రత్యయాలతో దీనికి గల సంబంధాన్ని పండితులు చర్చించారు. ఈ ప్రత్యయాలు అమహద్వాచకాలకు గుర్తు. అంటే పదం ఏ భాషదో, ఆ భాష ఒక వస్తువును ఏ వర్గంలో చేర్చిందో నిర్ణయించడానికి ఒక్క ప్రత్యయం చాలుతుంది. ఈ పరిశీలనను ఆధారం చేసుకొని, పరులకు ఆపాదించిన భాషలలో, కల్పించిన భాషలలో పదార్థం ఎలా ఏర్పడుతుందో చూడడం ఈ వ్యాసం ఉద్దేశం.

పరభాష – పరజాతి

శత్రువుకు వేరొక భాషను ఆపాదించడం మన వాఙ్మయంలో పాత సంప్రదాయమే. ‘మ్లేచ్ఛ’ శబ్దానికి మూలమైన ధాతువుకు అస్పష్టంగా పలకడమనే అర్థం ఉన్నది. అసురులు ‘ర’కారానికి బదులు ‘ల’కారం పలికి పరాభవం పొందారని పతంజలి మహాభాష్యం చెబుతుంది. శాతవాహన రాజు ఆస్థానంలోని గుణాఢ్యుడు పందెంలో ఓడి సంస్కృత, ప్రాకృత, దేశభాషలను విడిచి, వింధ్యాటవిలో పిశాచభాష నేర్చి బృహత్కథ రచించాడని కథాసరిత్సాగరం చెప్పిన వృత్తాంతం. రాజు దాన్ని తిరస్కరించాడు. కవి ఒక్కొక్క పత్రం చదివి అగ్నికి ఆహుతి చేస్తుండగా అడవి మృగాలు మేత మాని విన్నాయట. ఇందులో గమనించవలసిన అంశం ఒకటున్నది. పిశాచాల మాటగా పేరుపడిన పైశాచికి వరరుచి ప్రాకృతప్రకాశం లక్షణం చెప్పింది. చెఱకూరి లక్ష్మీధరుడు షడ్భాషాచంద్రికలో దానిని ఆరు భాషలలో ఒకటిగా లెక్కించాడు. వ్యాకరణం లభించిన తరువాత ఆ భాషను కేవలం భీకరమైన అరుపుగా పరిగణించడానికి వీలులేదు.

క్లింగాన్: ప్రత్యయంలో గౌరవం

ఆధునిక కాలంలో ఇదే పరిణామం క్లింగాన్ భాషలో కనిపిస్తుంది. స్టార్ ట్రెక్ చిత్రాలలో యుద్ధప్రియులైన క్లింగాన్ జాతి కోసం భాషావేత్త మార్క్ ఓక్రాండ్ 1984 నాటి మూడవ చిత్రానికి ఈ భాషను నిర్మించాడు. 1985లో నిఘంటువు వెలువడింది. ఇందులో పలకరింపుగా వాడే పదబంధానికి అర్థం ‘ఏం కావాలి?’ అని. వీడ్కోలులో ‘విజయం’ అని చెప్పుకుంటారు. మన ‘వెళ్ళొస్తాను’లోని తిరిగివచ్చే ఆశను దానిలోకి దింపడం కష్టం.

అనువాదకునికి అసలు పరీక్ష బహువచనంలో ఎదురవుతుంది. భాషించగల జీవులకు ఒకటి, శరీరావయవాలకు మరొకటి, మిగిలినవాటికి ఇంకొకటి అని క్లింగాన్‌లో మూడు బహువచన ప్రత్యయాలున్నాయి. ‘నా’ అనే అర్థమిచ్చే ప్రత్యయం కూడా మాట్లాడే జీవికి ఒకటి, మిగిలినవాటికి వేరొకటి. ‘నా ప్రభువు’ అనేటప్పుడు వస్తువులకు వాడే ప్రత్యయం చేర్చితే వ్యాకరణరీత్యా దోషం లేదు; కాని అది దాదాపు నిషిద్ధమైన అవమానం. ఇంగ్లీషులో ఈ భేదానికి వివరణ రాయక తప్పదు. తెలుగులో ఎదుటి మనిషిని ‘అది వచ్చింది’ అంటే చాలు, భావం తెలిసిపోతుంది. అయితే సామ్యం సంపూర్ణం కాదు. చిన్నయసూరి బాలవ్యాకరణం వివరించిన మహత్తు పురుషత్వంపై ఆధారపడినది. అందుచేతనే స్త్రీ ఏకవచనంలో ‘వచ్చింది’ అని అమహత్తుతో చేరి, బహువచనంలో ‘వచ్చారు’ అని మనుషులతో కలుస్తుంది. క్లింగాన్‌కు ప్రమాణం లింగం కాదు, మాట. కాబట్టి ఆ ప్రత్యయాన్ని ‘వారు’ అని అనువదించినప్పుడు భాషించే శక్తి అన్న ప్రమాణం జారిపోతుంది.

మరొక ఉదాహరణ హామ్లెట్ ప్రసిద్ధ స్వగతం. 1991 నాటి ఆరవ చిత్రంలో ఒక క్లింగాన్ పాత్ర దాని తొలి ప్రశ్నను స్వభాషలో పలకాలి. అస్తిత్వాన్ని చెప్పే క్రియ ఆ భాషలో లేదు. ఓక్రాండ్ మొదట ‘జీవించు’ క్రియను వాడి, నటునికి అది రుచించక, ‘కొనసాగు’ అనే అర్థంలో కొత్త క్రియ చేశాడు. అంతకుముందు అదే రూపం నిరంతరతను తెలిపే ప్రత్యయంగా ఉండేది. తెలుగు ‘ఉండు’ ధాతువు ఒక్కటే అస్తిత్వాన్నీ, ‘చదువుతూ ఉన్నాడు’ వంటి ప్రయోగాలలో కొనసాగింపునూ చెబుతుంది. ఇంగ్లీషు మూలం నుండి క్లింగాన్‌లోకి పోయేటప్పుడు తెగిన తీగ తెలుగులో మళ్ళీ అతుకుతుంది. 1996లో ఆ నాటకం మొత్తంగా క్లింగాన్‌లో ప్రచురితమైంది. శత్రుజాతికి సంశయం, దుఃఖం, ఆత్మవిచారం ఆ భాషలోనే సాధ్యమయ్యాయి.

కిలికి: యుద్ధంలో చిక్కిన మాట

తెలుగు ప్రేక్షకులకు సుపరిచితమైన కల్పితభాష కిలికి. 2015 జూలై 10న విడుదలైన బాహుబలి చిత్రంలోని కాలకేయుల కోసం తమిళ రచయిత మదన్ కార్కీ దీనిని నిర్మించారు. కాలకేయుల పేరు మహాభారతంలో అర్జునుడు జయించిన దానవులది. సుమారు 750 పదాలు, 40 వ్యాకరణ సూత్రాలతో ఈ భాష సిద్ధమైంది. అయినా కథలో దానికి దొరికిన చోటు రణరంగమే. అందుచేత ప్రేక్షకునికి మిగిలింది పదార్థం కాదు, భయం గొలిపే ధ్వని.

కాని ఈ భాష బీజం యుద్ధంలో లేదు. పరిశోధనకై ఆస్ట్రేలియాలో ఉన్నప్పుడు పిల్లలతో ఆటగా కార్కీ చేసిన ‘క్లిక్’ అనే చిన్న భాష దీనికి మూలం. అందులో ‘మిన్’ అంటే నేను. దాన్ని తిరగవేస్తే ‘నిమ్’, అంటే నీవు. ఒకరికి ఎదురుగా మరొకరున్నారన్న సంబంధమే ఈ రెండు పదాల అర్థం. నిఘంటువు ‘నిమ్’కు ‘నీవు’ అని చెప్పగలదు. కాని ఎదుటివాడు బదులు పలికినప్పుడే ఆ పదం నిజంగా ‘నీవు’ అవుతుంది. తెరపై కాలకేయునికి ఆ అవకాశం దక్కలేదు.

ముగింపు

పైశాచికి వ్యాకరణం, క్లింగాన్‌కు నిఘంటువు, హామ్లెట్ అనువాదం లభించాయి. కిలికికి పదాలూ సూత్రాలూ ఉన్నా, సంభాషణలో ఆ పదాలు పొందవలసిన జీవితం సినిమాలో అందలేదు. కల్పితభాషలను వినోదంగా మాత్రమే చూసే పరిశోధన ఈ తేడాను గుర్తించలేదు. అమరావతి రాతిపై ఒక ‘బు’ను పట్టుకొని మన భాష ఉనికిని వెదికిన వారసత్వం మనది. శత్రువు నోట వినబడే ధ్వనిలోనూ ప్రత్యయాన్ని వెదకడం, అతనిని ‘అది’ నుండి ‘వారు’ వైపు నడిపించడం ఆ వారసత్వానికి తగిన పని.