మగధ పొలాలు, అతుకుల చీవరం

మా బస్తీ విహారంలో వర్షావాసపు నెలల్లో ఆడవాళ్లు పాత చీరలు తెచ్చి బొంతలు కుడుతుంటారు. ఈసారి చదువుకున్న తమ్ముడొకడు అడ్డుపడ్డాడు. "చింకి గుడ్డలు మన తాతలు చాలానే కట్టారు. ఇంకా మనకెందుకీ అతుకులు?" అన్నాడు. ఆ మాటలో కోపం ఉంది, కోపానికి కారణమూ ఉంది. అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాం. వినయపిటకం మళ్లీ తిరగేసి ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

ముందు తమ్ముడి పక్షం విందాం. చండాలుడు శవాల మీది బట్టలే కట్టాలి, పగిలిన పాత్రల్లోనే తినాలి, ఊరి బయటే ఉండాలి అని మనుస్మృతి పదో అధ్యాయం శాసించింది. 1927 డిసెంబర్ 25న మహద్‌లో బాబాసాహెబ్ నాయకత్వంలో ఆ పుస్తకాన్ని తగలబెట్టారు. ఆ రోజుల్లోనే ఆయన మన ఆడవాళ్లతో, కులాన్ని చాటే చీరకట్టు మార్చుకోమని ప్రత్యేకంగా చెప్పారు. 1956 అక్టోబర్ 14న నాగపూర్ దీక్షకు లక్షల మంది తెల్లబట్టల్లో తరలివచ్చారు. మనకు బట్ట అంటే మొదటి నుంచీ హక్కుల మాటే.

మరి తథాగతుడి సంఘం కూడా శ్మశానంలో, చెత్తకుప్పల్లో దొరికిన గుడ్డలనే ఏరుకుంది కదా! వాటిని పాంసుకూలాలు అన్నారు, అంటే దుమ్ములో పడి ఉన్న గుడ్డలు. ఎలుకలు కొరికినవి, నిప్పు అంటుకున్నవి, ఎవరికీ అక్కరలేనివి. భిక్ఖులు వాటిని ఉతికి, ముక్కలు కోసి, కలిపి కుట్టేవారు.

ఆ కుట్టుకు ఒక రూపం వచ్చిన కథ మహావగ్గంలో ఉంది. రాజగృహం నుంచి దక్షిణగిరికి వెళ్తూ బుద్ధుడు మగధ వరిపొలాలను చూశాడు. పొడవాటి మళ్లు, వాటి మధ్య గట్లు, గట్లు కలిసే కూడళ్లు. చీవరాన్ని ఇలా కుట్టగలవా అని ఆనందుణ్ణి అడిగాడు. ఆనందుడు కుట్టి చూపించాడు. పెద్ద మడి, చిన్న మడి, నిలువు గట్టు, అడ్డగట్టు అన్నీ గుడ్డలో వచ్చాయి. బుద్ధుడు మెచ్చుకున్నాడు. ముక్కలు చేసిన బట్ట కాబట్టి దొంగకు ఆశ పుట్టదు. నేటికీ థేరవాద భిక్ఖుల చీవరం మీద ఆ పొలం గట్లే కనిపిస్తాయి. రైతుకూలీ చెమట ధారపోసిన మడి, సంఘానికి గుర్తు అయింది.

రంగు కూడా చెట్టూచేమా నుంచే వచ్చింది. మొదట పేడతో, పసుపుపచ్చ మట్టితో అద్దితే బట్ట వికారంగా ఉండేది. అందుకని వేరు, మాను, బెరడు, ఆకు, పువ్వు, కాయ అనే ఆరు రకాల రంగులకు బుద్ధుడు అనుమతించాడు. రంగు ఉడికిందో లేదో నీటిలో చుక్క వేసి చూడమన్నాడు. ఎన్ని బట్టలు ఉండాలో తేల్చడానికి చలికాలపు రాత్రి ఆరుబయట తానే కూర్చున్నాడు. ఒకటి కప్పుకున్నాడు, చలి వేసింది. రెండోది, మూడోది, ఇలా కప్పుకుంటూ తెల్లారేదాకా గడిపాడు. అక్కడ నుంచి మూడు చీవరాల నియమం వచ్చింది. అనుభవంతో పరీక్షించి చేసిన చట్టమిది.

న్యాయశాస్త్రం చదివినవాళ్లంగా మేము ఒక తేడా గమనించాం. జీవకుడు వైద్యుడిగా తనకు అందిన మేలిమి వస్త్రాన్ని తెచ్చి, గృహస్థులిచ్చే బట్టలు స్వీకరించమని వేడుకున్నాడు. ఇష్టమైనవారు పాంసుకూలం కట్టండి, ఇష్టమైనవారు గృహస్థుల బట్ట తీసుకోండి అన్నది బుద్ధుడి తీర్పు. బతికినంతకాలం పాంసుకూలాలే కట్టాలని దేవదత్తుడు పట్టుబట్టినా ఆయన ఒప్పుకోలేదు. మనువు బట్ట పుట్టుకను బట్టి నెత్తిన రుద్దింది, కాదనే వీలు లేదు. చీవరం కోరుకున్నది, వద్దనే వీలున్నది. పైగా మంగలి ఉపాలి, పాకీపని చేసిన సునీతుడు, శాక్య రాకుమారులు అందరూ అదే అతుకుల బట్టలో కూర్చున్నారు. రాకుమారులు తమకన్నా ముందు దీక్ష పొందిన ఉపాలికి నమస్కరించవలసి వచ్చింది.

చుళ్లవగ్గంలో ఇంకో ముచ్చట ఉంది. కోసంబిలో అంతఃపుర స్త్రీలు ఆనందుడికి అయిదు వందల చీవరాలిచ్చారు. ఇన్ని ఎందుకని ఉదేన రాజు నిలదీశాడు. బట్టలు చిరిగిన భిక్ఖులకు పంచుతామన్నాడు ఆనందుడు. మరి ఆ పాతవి? పక్క దుప్పట్లు. అవీ పాతబడితే పరుపు గలీబులు, తర్వాత నేల పరుపులు, కాళ్లు తుడుచుకునే గుడ్డలు, దుమ్ము దులిపే గుడ్డలు. చివరికి పీలికలు చేసి మట్టిలో కలిపి నేల అలుకుతాం అన్నాడు. రాజు సంతోషించి మరో అయిదు వందలు ఇచ్చాడు. మన అమ్మలు చీరను బొంతగా, బొంతను మసిగుడ్డగా మార్చిన వరుస ఇదే.

ఈ కుట్టుపని ఒంటరిది కాదు. కఠిన చీవరాన్ని సంఘమంతా కలిసి ఒక్క రోజులోనే కుట్టి, రంగు వేయాలి. బంగ్లాదేశ్ రంగామాటి రాజ్‌బన విహారంలో చక్మా స్త్రీలు ఇరవై నాలుగు గంటల్లో పత్తి వడికి, అద్దకం వేసి, నేసి, చీవరం దానం చేసే ఆచారం నిలబెట్టుకున్నారు.

తమ్ముడికి మా జవాబు ఇంతే. బరువంతా గుడ్డది కాదు, దాన్ని ఎవరు ఎవరిచేత కట్టించారన్నదే చూడాలి. పాంసుకూలం ఎవరూ దయతో విసిరిన ముష్టి కాదు, సొంతదారు లేని వస్తువు. అందుకే మా విహారంలో ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. పై నుంచి జాలిపడి పంపే పాత బట్టల మూటలు తీసుకోం. ఎవరి ఇంటి చీర వారే తెస్తారు, ఇష్టమైతేనే తెస్తారు. వచ్చే వర్షావాసంలో మొదటి బొంతను మగధ మళ్ల వరుసలో కుడతాం.