మిత్రుడు చెప్పినా విచారించండి: నల్లగొండ చరిత్ర నేర్పిన పాఠం



గత వారం అసర్ నమాజు పిమ్మట ఒక యువకుడు నా చెంత కూర్చుని తన ఫోనులోని ఒక సందేశం చదివి వినిపించాడు. ఈ నేలపై అధికారం మనవారికి తప్ప మరెవరికీ చెల్లదని దాని సారాంశం. ఎవరు పంపారని అడిగాను. “నా దోస్తే, హజ్రత్! వాడు అబద్ధమెందుకు చెబుతాడు?” అన్నాడు. ఆ జవాబు వినగానే మన జిల్లా చరిత్ర నా మనసులో మెదిలింది.

నిజాం రాజ్యంలో ముస్లిములు సుమారు 13 శాతం మాత్రమే. అయినను 1940 దశకంలో మజ్లిస్ వేదికలపై ‘అనల్ మాలిక్’, అంటే ‘నేనే రాజును’ అనే సిద్ధాంతం ప్రచారమయింది. సార్వభౌమాధికారం ముస్లిములదే, నిజాం దానికి చిహ్నం మాత్రమే అని దాని భావం. 1946లో నాయకుడైన లాతూరు వకీలు ఖాసిం రజ్వీ దీనిని రజాకార్ల చేతిలో ఆయుధంగా మార్చాడు.

ఇక్కడి పేద ముస్లిం ఏ రాజ్యం ఏలాడు? నాడు నల్లగొండ జిల్లాలోనిదైన జనగామ తాలూకాలో షేక్ బందగీ అనే రైతు తన భూమి కోసం న్యాయస్థానం దాకా వెళ్లి, విసునూరు దేశముఖు మనుషుల చేతిలో హతుడయ్యాడు. అతనికి రాచరికం కాదు, సొంత మడి కూడా దక్కలేదు.

అయినను ఆ మాట ఎలా చెల్లుబాటయింది? దేశ విభజన నాటి రక్తపాతం వార్తలు జనాన్ని భయపెట్టాయి. ఆ భయం అబద్ధం కాదు. భయపడిన వానికి ముందు గర్వం నూరిపోశారు, పిదప లాఠీ అందించారు. సందేహించిన వానిని ద్రోహి అన్నారు. చెప్పినవాడు పరాయివాడు కాదు. పక్కింటివాడు, జమాఅత్‌లో భుజం కలిపి నిలిచినవాడు.

మన రామన్నపేట నుండి సికింద్రాబాదు వెళ్లే రైలు బీబీనగర్ మీదుగా పోతుంది. 1948 జనవరిలో రజాకార్లు ఆ గ్రామంపై పడి నిరపరాధుల ఇళ్లు దోచారు. ఆ కేసులో రజ్వీకి పడిన శిక్షను 1953లో సుప్రీంకోర్టు ఖాయపరచింది.

కాదన్నవారూ ఉన్నారు. 1948 ఆగస్టులో ఏడుగురు ముస్లిం ప్రముఖులు రాజ్యం భారత్‌లో కలవాలని బహిరంగంగా ప్రకటించారు. ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లా ఖాన్ అదే మాట రాశాడు. ఆగస్టు 22న అతనిని చంపారు, చేయి నరికారు.

సెప్టెంబరు 13న భారత సైన్యం ప్రవేశించింది; నాలుగైదు దినాలలో అంతా ముగిసింది. పిదప జరిగిన హింసలో, రజాకార్లతో ఏ సంబంధమూ లేని ముస్లిములు సైతం బలయ్యారు. సైనిక చర్య కాలంలోను, అటు తరువాతను కనీసం 27,000 నుండి 40,000 మంది మరణించారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. నిరపరాధులపై ప్రతీకారం ఏ ధర్మంలోనూ న్యాయం కాదు. కాని ఆ అగ్నికి సమిధలు పేర్చినవారిలో మనవారూ ఉన్నారని ఒప్పుకొనక తప్పదు. రజ్వీ 1957లో విడుదలై పాకిస్తాన్ వెళ్లిపోయాడు. అతనిని నమ్మినవారు, నమ్మనివారు కూడా ఇక్కడే మూల్యం చెల్లించారు.

సోదరులారా! వార్త తెచ్చినప్పుడు విచారించమని సూరె హుజురాత్ (49:6) ఆదేశిస్తున్నది. సొంతవారికి వ్యతిరేకమైనా న్యాయసాక్ష్యం పలకమని సూరె నిసా (4:135) ఆజ్ఞాపిస్తున్నది. దౌర్జన్యపరుడైన సోదరునికి సహాయమంటే అతని చేయి పట్టి ఆపడమేనని ప్రవక్త (స) బోధించారు.

కనుక మీ మిత్రుడు ఇలాంటి మాట తెచ్చినప్పుడు అతనిని తరిమివేయకండి. తరిమితే పిలిచినవారి దగ్గరికే వెళతాడు. కూర్చోబెట్టి మూడు ప్రశ్నలు అడగండి. దీనికి సాక్ష్యమేది? దీనివలన ఎవరి ఇల్లు కాలుతుంది? కాలిన నాడు ఇది చెప్పినవాడు మనతో ఉంటాడా? ఆ యువకునితో నేను ఈ మూడే అడిగాను. అతడు చాలాసేపు మౌనంగా ఉండి, దోస్తును వెంటబెట్టుకొని వస్తానన్నాడు. అతని కోసం ఎదురు చూస్తున్నాను.

సత్యాన్ని సత్యంగా చూపి దానిని అనుసరించే భాగ్యాన్ని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక. ఆమీన్.