మేయార్ ఎవరిది?

ఇంటర్ ఫలితాలు వచ్చాయంటే చాలు, వాలిదైన్ అడిగే సవాల్ ఒకటే: "భాయ్, ఆ యూనివర్సిటీ ర్యాంకు ఎంత?" నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం ఉంది, మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం ఉంది. దేశవ్యాప్త జాబితాలో మొదటి వందలో వెదికితే రెండూ కనబడవు. అంతటితో ఫైస్లా అయిపోతుంది. ఈ ఫైస్లాలో ఇన్సాఫ్ ఎంత ఉందో తెలియాలంటే మన తారీఖ్ కొంచెం తిరగేయాలి. ర్యాంకు అనే మాట కొత్తది కావచ్చు, బయటివాళ్ల మేయార్‌తో మన తాలీమ్‌ను తూచే ఆదత్ మాత్రం పాతది.

1887లో హైదరాబాద్‌లో నిజాం కాలేజీ పెట్టినప్పుడు దాన్ని మద్రాసు యూనివర్సిటీకి జోడించారు. రియాసత్ మనది, డిగ్రీ మీద మొహర్ మద్రాసుది. పాలమూరు జిల్లా బిడ్డలు సురవరం ప్రతాపరెడ్డి మద్రాసుకు, బూర్గుల రామకృష్ణారావు పుణె, బొంబాయిలకు పోయి చదివారు. అంత దూరం పంపే స్తోమత లేని ఖాన్‌దాన్‌ల బిడ్డలకు చదువు అక్కడే ఆగింది.

ఆ పరిస్థితిలో 1917లో మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఫర్మాన్ వచ్చింది. 1919లో గన్‌ఫౌండ్రీలో 225 మంది విద్యార్థులు, 25 మంది ఉస్తాదులతో ఉస్మానియా తరగతులు మొదలయ్యాయి. బోధన ఉర్దూలో. ఇంగ్లీషు తప్పనిసరి సబ్జెక్టుగా ఉండేది. పాఠ్యపుస్తకాల కోసం దారుల్ తర్జుమా పెట్టారు, మౌల్వీ అబ్దుల్ హఖ్ దాన్ని నడిపారు, జోష్ మలీహాబాదీ లాంటి షాయర్ అందులో పనిచేశారు. వైద్యం, ఇంజనీరింగ్ కూడా ఉర్దూలోనే చెప్పారు. దేశీ జబాన్‌లో సైన్సు చెప్తే ఆ డిగ్రీకి ఖీమత్ ఉంటుందా అన్న షక్ మాత్రం వెంటాడింది. ఇంగ్లీషును మేయార్‌గా పెట్టుకున్నవాళ్లకు ఉస్మానియా చేసిన ఈ పని ఎలా కనబడుతుంది?

హఖీఖత్‌కు రెండో వైపు కూడా చెప్పాలి. ఉర్దూ బడిలో చదివి తెలుగు డిగ్రీ తీసుకున్నవాణ్ని కాబట్టి నాకిది తేలిగ్గా అర్థమవుతుంది. నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఎక్కువమంది ఇంటి భాష తెలుగు. వాళ్లకు ఉర్దూ కూడా నేర్చుకుని ఎక్కాల్సిన మెట్టే. సి. నారాయణరెడ్డి ఉర్దూ మాధ్యమంలో చదివి, తెలుగులో జ్ఞానపీఠం దాకా వెళ్లారు. అలా ఎక్కగలిగినవాళ్లు ఎందరు? అంటే ఉస్మానియా మేయార్ కూడా అందరిదీ కాదు. 1948 తర్వాత బోధన ఇంగ్లీషుకు మారింది. ఆర్ట్స్ కాలేజీ గోడలు అవే, తరాజు మారింది.

ఇప్పుడు నేటి తరాజు చూద్దాం. 2003లో మొదలైన షాంఘై జాబితా నోబెల్ బహుమతులను కూడా లెక్కిస్తుంది. మన కేంద్ర ప్రభుత్వం 2015లో ప్రకటించిన ఎన్‌ఐఆర్‌ఎఫ్ 2016 నుంచి ర్యాంకులు ఇస్తోంది. విశ్వవిద్యాలయాలకు వందలో బోధన, వనరులకు 30, పరిశోధనకు 30, పట్టాలు పొందినవాళ్ల ఫలితాలకు 20, అందరికీ అవకాశం ఇవ్వడానికి 10, పేరు ప్రతిష్ఠకు 10. పరిశోధన లెక్క అంతర్జాతీయ డేటాబేసుల నుంచి వస్తుంది. తెలుగులోనో ఉర్దూలోనో రాసిన తహ్‌ఖీఖ్ అక్కడ దాదాపు కనబడదు. పేరు ప్రతిష్ఠ సంగతి చెప్పనక్కర్లేదు, పాత నామ్‌కే మార్కులు.

అలాగని ర్యాంకు అంతా ఝూట్ అనను. విద్యార్థులకు తగినంతమంది అధ్యాపకులు ఉన్నారా, వాళ్లలో పీహెచ్‌డీ ఎందరికి ఉంది అని అది అడుగుతుంది. తెలంగాణ యూనివర్సిటీల్లో పోస్టులు ఏళ్ల తరబడి ఖాళీగా ఉండటం, కాంట్రాక్టు అధ్యాపకుల మీద బండి లాగడం అందరికీ తెలిసిందే. ఈ కమీని ర్యాంకు సరిగ్గానే పట్టుకుంటుంది. కానీ ఖాళీలు నింపని హుకూమత్‌కు ర్యాంకు రాదు, బద్‌నామ్ యూనివర్సిటీకి వస్తుంది.

మరి తరాజులో తూగనిది ఏమిటి? నల్లగొండ యూనివర్సిటీ 2007లో, పాలమూరు యూనివర్సిటీ 2008లో వచ్చాయి. రెండూ అంతకుముందు ఉస్మానియా పీజీ సెంటర్లు. దేవరకొండ నుంచో నారాయణపేట నుంచో బిడ్డను హైదరాబాద్ హాస్టల్‌కు పంపడమంటే మన ఇళ్లలో పెద్ద బహస్. ఖర్చు ఒకటి, ఫికర్ ఒకటి. బస్సు దూరంలో ఎమ్మెస్సీ ఉంటే ఆ బహస్ తేలికవుతుంది. ఎన్‌ఐఆర్‌ఎఫ్ అమ్మాయిల సంఖ్యను, పేద విద్యార్థుల సంఖ్యను లెక్కిస్తుంది, అది మంచిదే. కానీ ఈ యూనివర్సిటీ లేకపోతే ఆ అమ్మాయి ఇంట్లోనే ఉండిపోయేదన్న సంగతి ఏ గడిలోనూ రాయలేం. పైగా వేరే రాష్ట్రాల నుంచి విద్యార్థులు వస్తే మార్కులున్నాయి. సొంత జిల్లా బిడ్డల కోసమే పెట్టిన జామియా అక్కడ వెనకబడటంలో వింతేముంది?

అందుకే వాలిదైన్‌కు నా గుజారిష్. ర్యాంకు చూడండి, అక్కడితో ఆగకండి. ఒకరోజు ఖర్చుపెట్టి క్యాంపస్‌కు వెళ్లండి. మీ బిడ్డ చేరే డిపార్ట్‌మెంట్‌లో పర్మినెంట్ ఉస్తాదులు ఎందరు? ల్యాబ్ తాళం రోజూ తీస్తున్నారా? అమ్మాయిల హాస్టల్‌లో జాగా ఉందా? పోయిన బ్యాచ్‌లో చేరినవాళ్లు ఎందరు, పూర్తిచేసినవాళ్లు ఎందరు, ఇప్పుడు ఎక్కడున్నారు? జవాబులు బాగుంటే నిశ్చింతగా చేర్చండి. బాగాలేకపోతే వైస్ చాన్సలర్‌నీ, మీ ఎమ్మెల్యేనీ అడగండి. మీ జిల్లా యూనివర్సిటీ గురించి అడిగే హఖ్ మీకుంది.