చక్కెర యను మాట

మన యిండ్లలో దినమునకు పదిమార్లు వినబడు చక్కెర యను మాట అచ్చతెనుగని తలచువారు పెక్కండ్రు గలరు. కాని యది సంస్కృతమందలి శర్కరకు వికృతి. ప్రాకృతమున సక్కరా యై, మనయొద్ద చక్కెర యైనది. విచిత్ర మేమనగా, శర్కరకు మొదటి యర్థము తీపి గాదు, గులకరాయి. అథర్వవేదమున శర్కరలు ఇసుకతో జేర్చి చెప్పబడినవి. చెఱకురసమును కాచి పలుకులుగా గట్టించు విద్య మనదేశమువారికి పట్టువడిన పిదప, ఆ పలుకులకు రాతిపలుకుల పేరే పెట్టిరి. కన్నును చేతిని అడిగి పెట్టిన పేరది, నాలుకను సంప్రదింపలేదు.

సరకుతో గూడ మాటయు దేశములు తిరిగెను. పారసీకులు షకర్ అనిరి. అరబ్బులు సుక్కర్ అనిరి. అరబ్బులు సిసిలీకిని స్పెయినునకును చెఱకు గొనిపోగా ఇటలీవారి జుక్కెరో, ఫ్రెంచివారి సుక్ర్, ఆంగ్లేయుల షుగర్ పుట్టినవి. మన ఖండమే పారసీకమున కంద్ అయి, ఆంగ్లమున క్యాండీ యైనది. పోర్చుగీసువారు మలయాళదేశమున విన్న చక్కరయే ఆంగ్లమునకు బెల్లమను నర్థమున జాగరీగా జేరినది. కావున షుగరును జాగరీయు నొక్కతల్లి బిడ్డలే.

ఇంతటి పుట్టినింటిలో మాత్రము హిందీవారు తెల్లచక్కెరను చీనీ యనియు, కలకండను ఈజిప్టు పేర మిశ్రీ యనియు బిలుచుచున్నారు! చీనా చక్రవర్తి తైజుంగు 647లో మగధకు మనుష్యులను బంపి చక్కెర వండు విద్య నేర్పించుకొనెనని ఆ దేశచరిత్రలే చెప్పుచున్నవి. మనవారు మిశ్రీని పటికబెల్లమని యూరకుండిరి.

మాటవెంట మనుష్యులును బోయిరి. ఆంగ్లరాజ్యమున బానిసత్వమును మాన్పు చట్టము 1833లో బుట్టగా, మారిషసు తోటల యజమానులు చెఱకు నఱకుటకు హిందూదేశపు కూలీలను వెదకిరి. గోదావరి ముఖమందలి కోరంగి రేవున ఓడ నెక్కిన తెలుగువారికి అచ్చట కోరంగీలనియే పేరు నిలిచెను. చదువురానివారిచే ఒప్పందపత్రములపై వ్రేలిముద్రలు వేయించి కొనిపోయిరి. ఫిజీద్వీపములలో ఆ ఒప్పందపు కూలి 1920లో గాని రద్దు కాలేదు. చక్కెర చరిత్ర వ్రాయువారు నౌకల లెక్కయు బస్తాల లెక్కయు దెలిపి, యీ మాట నొక్క పంక్తిలో ముగించుట మాకు సమ్మతము గాదు.

చక్కెర మన భాషకు రెండుమార్లు వచ్చినది: మొదట ప్రాకృతమువెంట, పిదప ఆంగ్లమువెంట. రెండవమారు రోగమై వచ్చినది. డబ్బాలోనిది చక్కెర, లేక పంచదార, నెత్తురులోనిది షుగరు. ఇదియు క్రొత్త గాదు. సుశ్రుతసంహితయందు మూత్రమున రాతిపలుకులు పడు వ్యాధికి శర్కర యనియే పేరు. తీపిమూత్రపు వ్యాధికి మాత్రము తేనె పేర మధుమేహమనిరి. పూర్వులు రోగమునకు పేరుపెట్టి బయటజెప్పిరి. మనమో, ఇంగ్లీషు మాటను గూడ గొంతు తగ్గించి పలుకుచున్నాము. సంబంధము చెడునేమోయని పిల్లతల్లికున్న షుగరును దాచి, వియ్యాలవారి యెదుట నామెచేతనే రెండు లడ్డూలు తినిపించిన యింటి నొకదానిని మే మెఱుగుదుము. ఆమె నవ్వుచునే తినినది.