ఇంటి దీపము – పరుల చేతి మీట



దీపమనఁగానే ప్రమిద, వత్తి, చమురు మనకు స్మరణకు వచ్చును. చమురు గానుగవానియొద్దఁ గొన్నదే యైనను, కొన్న పిదప వెలిఁగించుటకు వాని యనుమతి యక్కఱలేదు. ఆ గానుగ మూతపడినచో మఱియొక గానుగనూనె తెచ్చుకొందురు. ప్రమిద మాత్ర మదియే. దీపముల ప్రకాశము పెరిగిన కథ పెక్కండ్రు చెప్పియున్నారు. వెలిఁగించు నధికార మెవరి చేతినుండి యెవరి చేతికి మాఱినదో, ఆ కథను నేఁడు మనవి చేయుదును.

1882వ సంవత్సరము సెప్టెంబరు 4వ తేదిని న్యూయార్కు నగరమున, పెర్ల్ వీథిలో, ఎడిసన్ మహాశయుఁడు విద్యుత్కేంద్రమును నడప నారంభించెను. నాఁడు వెలిఁగినవి సుమారు 400 దీపములు. ఇంటి దీపమునకు దూరపు యంత్రముతో ముడిపడిన కాల మది. ఆ ముడి బలమైనదే. కాని క్రమముగాఁ బ్రభుత్వములు దానికొక ధర్మమును విధించినవి. మన దేశమున 2003వ సంవత్సరపు విద్యుత్తు చట్టము, 56వ సెక్షను ప్రకారము, బాకీ చెల్లింపనివానికైనను వ్రాఁతమూలకముగా 15 దినముల నోటీసు నీయక కరెంటు తీసివేయరాదు. బాకీపడినవాని దీపమునకును చట్టము గడువిచ్చినది. ఈ మాటను జ్ఞాపకముంచుకొనుఁడు. దీనితో మరలఁ బనిపడును.

రెండవ ఘట్టము 1924వ సంవత్సరమునాఁటిది. ఆ డిసెంబరు మాసమున జెనీవా నగరమున ఓస్రామ్, ఫిలిప్స్ మొదలగు కంపెనీలవారు కూడి ఫీబస్ అను పేర నొక కూటమి నేర్పఱచుకొనిరి. అంతకుమున్ను బల్బులు 1500 మొదలు 2000 గంటలవఱకు వెలుఁగుచుండెడివి. కూటమివారు ఆ యాయువును 1000 గంటలకుఁ గుదించిరి. బల్బులను పరీక్షించి, గీఁత దాఁటిన తయారీదారులకు జరిమానాలు విధించిరి. తీఁగ యెక్కువ వేఁడి యైనచోఁ బ్రకాశము పెరిగి యాయువు తగ్గునను వారి సమాధానమునఁ గొంత సత్యము లేకపోలేదు. రెండవ ప్రపంచయుద్ధముతో నా కూటమి చెదరిపోయెను. ఇచ్చట నొక విశేషమును గమనింపవలయును. వారు దీపముయొక్క యాయువును తగ్గింపఁగలిగిరి గాని, దీప మంగడి గడప దాఁటిన పిమ్మట దానిపై వారి చేయి సాఁగలేదు. కొన్నవాఁ డెప్పుడు వెలిఁగించునో, ఎప్పుడార్పునో వారెఱుఁగరు.

ఇఁక మన కాలపు ఘట్టము. 2012వ సంవత్సరము అక్టోబరులో ఫిలిప్స్‌వారు హ్యూ అను దీపములను విపణిలోఁ బ్రవేశపెట్టిరి. సెల్ ఫోనులోని యాప్‌తో వాని రంగును, కాంతిని మార్పవచ్చును. ఆ దీపములకు ఇంటిలోనే యుండు బ్రిడ్జి యను చిన్న పెట్టె కలదు. ఇంటిలోనివారి యాజ్ఞలను ఇల్లు దాఁటనీయకయే యది దీపములకు అందింపఁగలదు. తరువాత వచ్చిన చౌకదీపములలోఁ బెక్కింటి మార్గము వేఱు. గదిలోని ఫోనునుండి అదే గదిలోని దీపమునకుఁ బోవలసిన యాజ్ఞ ఇంటర్నెట్టు మార్గమున కంపెనీవారి సర్వరును జేరి, అచ్చట ననుజ్ఞ పొంది, తిరిగి మన గదికి వచ్చును. ఈ యేర్పాటునకు క్లౌడ్ అని పేరు. క్లౌడ్ అనఁగా మబ్బు. ఈ మబ్బు మాత్ర మాకాశమున లేదు. పరుల భవనములలో వరుసలుగాఁ బేర్చిన యంత్రములలో నున్నది.

మంచము పట్టిన వృద్ధుఁడు నోటిమాటతో దీపము వెలిఁగించుకొనుట గొప్ప యుపకారమే. దానిని నేను గాదనను. మా యింటను అట్టి దీప మొకటి కలదు. ఒక సాయంకాలము వీథిలో ఇంటర్నెట్టు తీఁగ తెగెను. ఇంట కరెంటున్నది, దీపము చెక్కుచెదరలేదు. మనుమరాలు ఫోనును ఎన్నిమాఱులు తాఁకినను కాంతి తగ్గదు, రంగు మాఱదు. "తాతగారూ, దీపము మనది కాదా?" అని యా పిల్ల యడిగెను. ఆ ప్రశ్నకు సమాధానము అమెరికాదేశమున జరిగిన రెండు ఉదంతములలో నున్నది.

మొదటిది రివాల్వ్ అను పెట్టె కథ. దీపములు మొదలగువానిని ఒక్కచోటినుండి నడపుట కిది సాధనము. వెల సుమారు 300 డాలర్లు. జీవితకాలము సేవ యిత్తుమని చెప్పి విక్రయించిరి. 2014వ సంవత్సరమున గూగుల్‌వారికిఁ జెందిన నెస్ట్ కంపెనీ దీనిని కొనెను. 2016వ సంవత్సరము మే 15వ తేదిని సర్వరులను నిలిపివేయఁగా పెట్టెలన్నియు నొక్కమాఱుగా నిరుపయోగములయ్యెను. జీవితకాలమనఁగా నెవరి జీవితకాలమో కొన్నవారికి అప్పుడు తెలిసెను.

రెండవది ఇన్‌స్టియాన్ కథ. ఇది 2005వ సంవత్సరమునుండి పేరొందిన పద్ధతి. 2022వ సంవత్సరము ఏప్రిలు నడుమ దాని సర్వరులు ముందుగా నొక్కమాటయైనఁ జెప్పక యాగిపోయెను. గోడమీటలు పనిచేయుచునే యున్నవి; యాప్ మాత్రము మూగవోయినది. బాకీపడినవానికి మన చట్టమిచ్చు 15 దినముల గడువును ఇపుడు స్మరింపుఁడు. వీరు వెల పూర్తిగాఁ జెల్లించినవారు. వీరికి ఒక్కదినమైన గడువు లేదు. ఆ జూనులో నా పద్ధతిని వాడుచుండిన కొందఱే కూడి కంపెనీ యాస్తులను గొని, సర్వరులను మరల నడపింపఁగలిగిరి.

కంపెనీ బ్రతికియున్నను చాలదు. 2025వ సంవత్సరము అక్టోబరు 20వ తేదిని వర్జీనియా రాష్ట్రమందలి అమెజాన్ యంత్రశాలలలో లోపము కలుగఁగా, అలెక్సా మొదలగు పెక్కు సేవలు గంటలకొలఁది తడఁబడెను. ఎచ్చటి యంత్రశాల! ఎచ్చటి పడకగది!

దీనికిఁ బ్రతిక్రియ లేకపోలేదు. 2022వ సంవత్సరము అక్టోబరులో పెక్కు కంపెనీలవారు కూడి మ్యాటర్ అను సామాన్యనియమావళిని ప్రకటించిరి. వేర్వేఱు కంపెనీల పరికరములు ఇంటిలోనే యొకదానితో నొకటి మాటాడుకొనుట దాని యుద్దేశము. హోమ్ అసిస్టెంట్ అను ఉచితసాధనము ఎందఱో స్వచ్ఛందముగాఁ బెంచినది; దానిని సొంత కంప్యూటరునందే నడపుకొనవచ్చును.

ఇట్టి దీపమును గొనువారు అంగడిలో మూఁడు ప్రశ్నలడుగుట మేలు. గోడమీట నొక్కిన వెలుఁగునా? ఇంటర్నెట్టు లేనపుడును యాప్ మాట వినునా? తయారుచేసినవాఁడు రేపు దుకాణము కట్టివేసినచో దీని గతి యేమి? మూఁడింటికిని సరియైన యుత్తరము వచ్చెనా, ఆ దీపము మీది. రాకున్నచో, మీరు వెల యిచ్చి కొన్నది దీపము గాదు, పరుని యనుగ్రహము; అది యెంతకాలముండునో మీ చేతిలో లేదు. మా మనుమరాలికి నేనిచ్చిన యుత్తర మిదియే.