మేనమామ చాటు రాజ్యం: కంచెర్ల గోపన్న బంధువర్గంపై పునర్విచారణ

స్టీఫెన్ హెస్ 1966లో అమెరికా రాజకీయ వంశాలపై రాసిన గ్రంథంలో ఒక కొలబద్ద పెట్టాడు. ఒకే ఇంటిపేరుతో కనీసం నలుగురు ఫెడరల్ పదవులకు ఎన్నికైతేనే అది రాజకీయ వంశం. మన పరిశోధకులు అందులో ఫెడరల్ పదవుల మాట పక్కనపెట్టి, ఇంటిపేరును మాత్రం భద్రంగా తెచ్చుకున్నారు. తండ్రి, కొడుకు, తమ్ముడు, మనవడు అని పెట్టెలు గీసి గీతలు కలిపితే వంశవృక్షం సిద్ధమైనట్టే. ఆడపిల్లలు ఆ పటంలో చివరి కొమ్మలు. వాళ్ల తర్వాత గీత ఉండదు. ఖమ్మం–భద్రాచలం అటవీ సరిహద్దులో అధికారం చేతులు మారిన దారి ఈ పటానికి దొరకదని నా వాదన.

దుమ్ముగూడెం, చర్ల వైపు కోయ గూడేల్లో వివరాలు సేకరిస్తున్నప్పుడు ఒక పద్ధతి గమనించాను. ఊరి పెద్ద ఎవరని అడిగితే తండ్రి పేరు తర్వాత వస్తుంది. ముందు ‘ఫలానావారి మేనల్లుడు’ అంటారు. మేనరికం నడిచే చోట ఇందులో వింత లేదు. మేనమామే రేపు పిల్లనిచ్చే మామ. మేడారం కథ చూడండి. పొలవాస నేలిన మేడరాజు తన దగ్గర పెరిగిన సమ్మక్కను మేనల్లుడు పగిడిద్దరాజుకిచ్చి చేస్తాడు. కాకతీయులతో పోరాడింది ఈ వియ్యంతో ఏర్పడిన కుటుంబమే. రెండేళ్లకోసారి జరిగే జాతరలో పగిడిద్దరాజు పూనుగొండ్ల నుంచి, గోవిందరాజు కొండాయి నుంచి, సారలమ్మ కన్నెపల్లి నుంచి గద్దెకు చేరతారు. ఒక్కొక్కరిదీ ఒక్కో ఊరు. కుటుంబం మాత్రం ఒక్కటే.

ఈ దృష్టితో నెలకొండపల్లికి వద్దాం. అక్కడి కంచెర్ల లింగన్న, కామాంబల కొడుకు గోపన్న. భక్తులకు రామదాసు. రెవెన్యూ చరిత్ర రాసేవాళ్లకు పాల్వంచ పరగణా తహసీల్దారు. కామాంబ అక్కన్న మాదన్నల తోబుట్టువని సంప్రదాయం. అబుల్ హసన్ తానాషా 1672లో గోల్కొండ గద్దెనెక్కాడు. రెండేళ్లలో మాదన్న మంత్రి అయ్యాడు. సోదరుడు అక్కన్న పక్కన నిలిచాడు. మరో బంధువు యెంగన్న రుస్తుం రావు బిరుదుతో సేనలు నడిపాడు. 1677లో శివాజీ హైదరాబాదు వచ్చినప్పుడు మంతనాలు నడిపిందీ మాదన్నే. హెస్ పద్ధతిలో లెక్కేస్తే ఇక్కడ వంశమే లేదు. సోదరులు పింగళివారంటారు, తహసీల్దారు కంచెర్లవాడు. రెండు ఇంటిపేర్లు కాబట్టి రెండు పటాలు. మధ్యలో కామాంబ జారిపోయింది.

డచ్ కంపెనీ ఉద్యోగి డానియల్ హావర్ట్ 1693లో వెలువరించిన కోరమాండల్ చరిత్రలో మాదన్న ఎదుగుదలను ప్రస్తావించాడు. మన చరిత్రకారులు ఇలాంటి సాక్ష్యాలమీదే ఎక్కువ ఆధారపడ్డారు. కంపెనీ మనిషికి కావలసింది ముద్ర ఎవరి చేతిలో ఉందన్నదే. ఎవరి చెల్లెలు ఏ ఇంటికి కోడలైందో అతనికెందుకు?

దీనికి దస్తరాల గొడవ తోడైంది. నెలకొండపల్లి నిజాం ఏలుబడిలోనే ఉండిపోయింది. భద్రాచలం, రేకపల్లి తాలూకాలను మాత్రం నిజాం 1860లో ఇంగ్లీషువాళ్లకు అప్పగించాడు. కొన్నాళ్లు సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉండి, 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు మారాయి. 1959లో గాని భద్రాచలం ఖమ్మం జిల్లాలోకి రాలేదు. 2014లో చుట్టుపక్కల మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు పోగా ఊరు తెలంగాణలో మిగిలింది. గోపన్న పుట్టిల్లు ఒక ప్రభుత్వపు కాగితాల్లో, కట్టించిన గుడి మరో ప్రభుత్వపు కాగితాల్లో పడితే బంధుత్వాన్ని వెతికేదెవరు? ఒక జిల్లాను పట్టుకుని సిద్ధాంత గ్రంథం రాసేవాళ్లకు గోదావరి దాటే తీరిక ఉండదు (పర్యవేక్షకులు దాటనివ్వరు కూడా).

ఇక చెరసాల సంగతి. ఆరు లక్షల వరహాల సర్కారు సొమ్ము గుడికి ఖర్చుపెట్టినందుకు గోపన్న పన్నెండేళ్లు గోల్కొండ కోటలో మగ్గాడని కథ. మేనమామలు మంత్రులైతే మేనల్లుణ్ణి ఖైదులో ఉంచుతారా, కాబట్టి బంధుత్వం కల్పన అంటారు సందేహవాదులు. నేను దీన్ని తిరగేసి చదువుతాను. తానాషా దర్బారులో పాత అమీర్లకు ఈ సోదరులు కంటగింపు. అలాంటి చోట సొంత మేనల్లుడి లెక్కల్లో తేడా వస్తే మంత్రి చేయగలిగింది ఒక్కటే, చేతులు కడుక్కోవడం.  గోపన్నకు అంత పెద్ద శిక్ష పడింది అతను కుటుంబంలోనివాడు కాబట్టే కావచ్చు. పన్నెండేళ్ల ఖైదు బంధుత్వాన్ని రుజువు చేయదు, అలాగని కొట్టివేయదు కూడా.

దాశరథీ శతకంలో కవి తనను లింగమంత్రి కొడుకుగా, ఆత్రేయ గోత్రీకుడిగా, కంచెర్లవాడిగా చెప్పుకుని మేనమామల ఊసెత్తలేదు. పద్యంలో తండ్రిని, గోత్రాన్ని చెప్పుకోవడం కవుల ఆనవాయితీ కనుక ఆ మౌనానికి విలువ ఇవ్వనక్కరలేదు.

1686లో అక్కన్న మాదన్నలను గోల్కొండలో చంపేశారు. మరుసటేడు కోట ఔరంగజేబు వశమైంది. పింగళి పటం అక్కడ తెగింది. కామాంబ వైపు గీత తెగలేదు. హైదరాబాదు శాలిబండలో అక్కన్న మాదన్నల పేరుతో గుడి ఉంది. అయినా తెలుగువాళ్లు ఇంటింటా తలుచుకునేది మేనల్లుణ్ణే.

ఖమ్మం జిల్లాలోనే జలగం వెంగళరావు, సోదరుడు కొండలరావు, కొడుకులు ప్రసాదరావు, వెంకటరావు ఒకే ఇంటిపేరుతో గెలిచి, ఫెడరల్ పదవుల మాట పక్కనపెడితే, హెస్ లెక్కకు సరిపోతారు.  తెలుగు రాజకీయాల్లో మరో దారీ ఉంది. 1995లో ఎన్.టి. రామారావు పీఠం కొడుకుల్లో ఎవరికీ దక్కలేదు, అల్లుడు చంద్రబాబు నాయుడికి చేరింది. కె. చంద్రశేఖరరావు సిద్దిపేట స్థానాన్ని 2004లో అక్క కొడుకు హరీశ్‌రావుకు అప్పగించాడు. ఇక్కడ అధికారం ఆడపడుచు ఇంటి మీదుగా కూడా నడిచింది.

హెస్ సొంత నేలమీద కూడా లెక్క నిలవదు. జాన్ ఎఫ్. కెన్నెడీ పేరు మధ్యలో ఉన్న ఫిట్జ్‌జెరాల్డ్ తల్లి పుట్టింటిది. ఆమె తండ్రి బోస్టన్ మేయరుగా, కాంగ్రెస్ సభ్యుడుగా పనిచేసినవాడు. జార్జ్ హెర్బర్ట్ వాకర్ బుష్‌కు ఉన్నది అచ్చంగా తల్లి తండ్రి పేరే, చివర బుష్ చేరిందంతే. తాత పేరు మనవడికి పెట్టుకోవడం మనకు కొత్త కాదు. అమెరికా వంశాలను గీసేటప్పుడు కూడా తల్లుల పుట్టిళ్లను చూడాల్సిందే. గోల్కొండ చివరి పన్నెండేళ్లను అన్నదమ్ముల పాలన అనడం ఇక మానేయాలి. సంప్రదాయం నిజమైతే ఆ పాలనలో కామాంబకు వాటా ఉంది.