కలిమి, కౌలు, హక్కు

ఇంగ్లీషు చదువ మొదలిడిన బాలుడు తడబడు మాటలలో 'హావ్' ఒకటి. "నాకు పొలము కలదు" అని మనమందుము. ఇందు కర్త పొలము. ఆంగ్లేయుని వాక్యమున కర్త మనుష్యుడు, పొలము కర్మ. తెలుగున ఉండుటయే కలిమి, లేకుండుటయే లేమి.

ఈ యర్థమున ఆంగ్లమున మాటలు పెక్కు గలవు. 'హావ్' కలిగియుండుటను, 'హోల్డ్' చేపట్టియుండుటను, 'పొసెస్' స్వాధీనమును, 'ఓన్' హక్కును తెలుపును. బాకీపడుటను జెప్పు 'ఓ' అను క్రియయు 'ఓన్'కు తోబుట్టువే. పూర్వము దానికిని కలిగియుండుట యనియే యర్థము.

ఈ భేదములు నిఘంటువులతో ముగియలేదు. 1802లో మద్రాసు ప్రభుత్వము చేసిన పర్మనెంటు సెటిల్మెంటు సర్కారు జిల్లాలలో భూస్వామ్యము జమీందారులదని శాసించెను. దున్నువాడు దున్నుచునే యుండెను. 'ఓన్' అను మాట మాత్రము వేరొకరి పాలయ్యెను. 1908 నాటి ఎస్టేట్ల భూమి చట్టము రైతునకు సాగుహక్కును గుర్తించెను. 1948 నాటి చట్టము జమీందారీలను రద్దుచేసి రైతువారీ పద్ధతిని నెలకొల్పెను.

అంతటితో చిక్కు తీరలేదు. పెనుగొండ ప్రాంతపు వరిచేల గట్లపై "ఎన్ని ఎకరాలు చేస్తున్నారండీ?" అనుట వేరు, "ఎన్ని ఎకరాలున్నాయండీ?" అనుట వేరు. మొదటిదానికి కౌలురైతును బదులు చెప్పగలడు; రెండవది ఆసామి నడుగవలసిన ప్రశ్న.

ఈ రెండు మాటల పుట్టుకయు గమనింపదగినది. 'ఆసామి' అరబ్బీ నుండి వచ్చినది. అచ్చట దానికి 'పేరులు' అని యర్థము. ఉత్తరదేశమున నది కౌలుదారుని జెప్పగా, మనకు మోతుబరిని జెప్పుచున్నది. 'కౌలు' కూడ అరబ్బీయే. దానికి 'మాట' యని యర్థము. ఒకని కలిమి దస్త్రమున నెక్కిన పేరుపై నిలిచినది. వేరొకని సాగు నోటిమాటపై నిలిచినది.

2011 నాటి చట్టము సాగుదారులకు ఋణార్హత కార్డుల నిచ్చుటకు పూనుకొనెను. దాని స్థానమున వచ్చిన 2019 నాటి చట్టము పదునొకండు నెలల వ్రాతపూర్వకమైన ఒప్పందమును, యజమాని సంతకమును కోరెను. హక్కు చేజారునను శంకతో సంతకము చేయని యజమానులు గలరు. అట్టిచో, పెట్టుబడి పెట్టి పంట పండించినవాడు బ్యాంకు మెట్టెక్కుటకు కాగితము లేనివాడయ్యెను.

మీ పిల్లలకు 'హావ్' అనుటకును 'ఓన్' అనుటకును భేదమును నేర్పునపుడు, పొరుగు కౌలురైతును ఉదాహరణముగా జూపుడు. పాఠము సులభముగా బోధపడును.